పాత స్పోర్ట్స్ కారు బ్రేకుల మెరుగుదల: కొరాపుట్, రాయగడ, బరంపురం వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంజీ, ట్రయంఫ్ లాంటి పాత బ్రిటిష్ రెండు సీట్ల కార్లు ఉన్నవాళ్లూ, ట్రయంఫ్‌కు దగ్గరి చుట్టమైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉన్నవాళ్లూ బ్రేకుల గురించి అడిగే ప్రశ్నలకు జవాబులివి. బరంపురం నుంచి జయపురం దాకా, మధ్యలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కలుపుకొని, మన బళ్లు ఎక్కి దిగే ఘాట్ రోడ్లను దృష్టిలో పెట్టుకుని రాశాం. ఆదివారం పొద్దున ఊళ్లో చదునైన రోడ్డు మీద ఓ చుట్టు తిప్పి షెడ్డులో పెట్టే కారుకైతే ఇందులో సగం అక్కర్లేదు.

బ్రేకులు సరిగా పడట్లేదు. డిస్కులు వేయించమంటారా?

ముందు ఉన్నవాటి సంగతి చూడండి. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామందికి కావలసింది డిస్కులు (చక్రంతో తిరిగే పళ్లేన్ని క్యాలిపర్ అనే పట్టు ప్యాడ్లతో రెండు వైపులా నొక్కే రకం) కాదు, మామూలు రిపేరు. పాత డ్రమ్ బ్రేకుల్లో (చక్రంతో తిరిగే గిన్నె లాంటి డ్రమ్‌ను, రాపిడి లైనింగ్ అతికించిన షూలు లోపలి నుంచి నొక్కే రకం) ఎక్కువ వాటికి తమంతట తాము సర్దుకునే ఏర్పాటు ఉండదు. లైనింగ్ అరిగేకొద్దీ షూ డ్రమ్‌కు దూరమై, పెడల్ కిందికి పోతుంటుంది. ఒకసారి తొక్కితే కిందికి దిగిపోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే ఆగిందంటే అది చాలావరకు అడ్జస్ట్‌మెంట్ లోపమే. రెండోసారి కూడా మెత్తగా అనిపిస్తే లైన్లో గాలి ఉంది. తొక్కి పట్టుకున్నప్పుడు మెల్లగా జారిపోతుంటే, పెడల్ తొక్కగానే ఆయిల్‌ను లైన్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు పోయి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి.

డ్రమ్ విప్పాక, షూలను నెట్టే వీల్ సిలిండర్ చివర ఉన్న రబ్బరు తొడుగు అంచుని సన్నటి స్క్రూడ్రైవర్‌తో కొంచెం ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉంటే మంచిదే. తడిగా, నల్లటి జిగురులా ఉంటే లోపలి రబ్బరు వదిలేసినట్టే. బయటికి చుక్క రాకపోయినా సరే, అది రేపో మాపో షూ మీదికి దిగుతుంది. ఒక్క చక్రంలో లైనింగ్ తడిసినా కారు బ్రేక్ వేసినప్పుడు అవతలి పక్కకు గుంజుతుంది.

ఫ్లెక్సిబుల్ గొట్టాలు పైకి ఎంత బాగున్నా నమ్మొద్దు. పాత రబ్బరు లోపలి వైపు ఉబ్బి దారి మూసుకుపోతుంది. కాలితో తొక్కిన ఒత్తిడి ముందుకు పోతుంది కానీ వెనక్కి రావడానికి దారి దొరకదు. చక్రం పట్టేసి ఉంటుంది, పది కిలోమీటర్లు పోయేసరికి కాలిన వాసన. క్యాలిపర్ పాడైందని మార్చేస్తారు, అయినా తగ్గదు. గొట్టం మారిస్తే పోతుంది.

కంపెనీ నుంచి వచ్చిన రోజున ఎలా ఆగేదో ముందు ఆ స్థితికి తీసుకురండి. ఆ బ్రేకులు మీ వాడకానికి చాలతాయో లేదో అప్పుడుగాని తెలియదు.

అసలు ఏ కారుకు ఏ బ్రేకులు వచ్చేవి?

ఎంజీ టీడీకి నాలుగు చక్రాలకీ 9 అంగుళాల డ్రమ్ములు. ఎంజీఏ 1500కి 10 అంగుళాల డ్రమ్ములు. 1959లో వచ్చిన ఎంజీఏ 1600కి ముందు డిస్కులు. 1962లో వచ్చిన ఎంజీబీకి ముందు 10.75 అంగుళాల డిస్కులు, వెనక డ్రమ్ములు. అదే ఏడాది వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కు ముందు 9 అంగుళాల డిస్కులు, వెనక 7 అంగుళాల డ్రమ్ములు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మాత్రం డ్రమ్ములతోనే వచ్చింది.

డిస్క్ ఆలోచన కొత్తదేమీ కాదు. లాంచెస్టర్ అనే ఆంగ్ల ఇంజినీరు 1902లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1953లో జాగ్వార్ సీ-టైప్ డిస్క్ బ్రేకులతో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచాక గాని కంపెనీలకు కళ్లు తెరుచుకోలేదు. 1956 చివర్లో ట్రయంఫ్ టీఆర్3 ముందు చక్రాలకు డిస్కులు పెట్టి మామూలు జనానికి అమ్మింది. అందుకే 1950ల కారుకూ 1960ల కారుకూ బ్రేకుల్లో అంత తేడా కనిపిస్తుంది.

పొట్టంగి దాటి సుంకి ఘాట్‌లో సాలూరు వైపు దిగుతుంటే పెడల్ నేలకు తగిలింది. అరగంట ఆగాక మళ్లీ మామూలే. ఏమైందంటారు?

బ్రేక్ ఆయిల్ మరిగింది. వెంటనే చూసుకోవలసిన సంగతి ఇది, చల్లారాక బాగానే ఉంది కదా అని వదిలేయొద్దు.

లెక్క చూడండి. కారు, ఇద్దరు మనుషులు కలిపి 900 కిలోలనుకుందాం. కొరాపుట్ పీఠభూమి నుంచి సాలూరు మైదానానికి సుమారు 750 మీటర్లు దిగుతాం. ఆ దిగడంలో వదిలించుకోవలసిన శక్తి దాదాపు 66 లక్షల జౌళ్లు. 20 లీటర్ల నీళ్లను మామూలు వేడి నుంచి మరిగేదాకా తెచ్చేంత వేడి అది. ఇంకోలా చెప్పాలంటే, గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి కారును పూర్తిగా ఆపడం 30 సార్లు చేసినంత పని. గాలి, టైర్ల రాపిడి, ఇంజిన్ కొంత పంచుకుంటాయి. మిగిలిందంతా నాలుగు చిన్న ఇనుప ముక్కలు మింగాలి. స్పిట్‌ఫైర్, ఎంజీబీ పుట్టిన దేశంలో రోడ్డు మీద ఇంత దిగుడు ఒకే విడతలో ఎక్కడా రాదు.

వేడెక్కినప్పుడు రెండు వేర్వేరు జబ్బులు వస్తాయి. మందులు కూడా వేర్వేరు కాబట్టి తేడా పట్టుకోవాలి. మొదటిది ఫేడ్: పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా కారు మాత్రం ఆగదు. లైనింగ్ పట్టు వదిలేసిందన్నమాట. డ్రమ్ములకైతే ఇంకో బాధ కూడా ఉంది, వేడికి డ్రమ్ వ్యాకోచించి షూ నుంచి దూరం జరుగుతుంది, దాంతో పెడల్ కూడా కొంత దిగుతుంది. దీనికి మందు మంచి లైనింగ్, లేదంటే డిస్కు. రెండోది మీకు జరిగింది: ఆయిల్లో చేరిన నీరు ఆవిరై బుడగలు కడుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది గనక పెడల్ ఖాళీగా కిందికి పోతుంది. చల్లారితే ఆవిరి మళ్లీ నీరవుతుంది, పెడల్ తిరిగి వస్తుంది. దీనికి మందు కొత్త ఆయిల్, అంతే. పాత ఆయిల్ అలాగే ఉంచి లక్ష పెట్టి డిస్కులు వేయించినా అదే మలుపులో అదే జరుగుతుంది.

ఇక దిగే పద్ధతి. ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలన్న లారీ డ్రైవర్ల మాట పాత స్పోర్ట్స్ కారుకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ మెల్లగా తిరిగేలా చేసే అదనపు గేరు) ఉంటే దిగేముందే తీసేయండి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచడం కంటే, గట్టిగా ఒకసారి నొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలి చల్లారనివ్వడం మేలు. దమన్‌జోడి వైపు నుంచి వచ్చే లోడు లారీ ముందుంటే దాని వెనకే తోక పట్టుకుని దిగొద్దు. ఓ పది నిమిషాలు పక్కన ఆగి టీ తాగి బయల్దేరండి.

కింద ఆగాక వేడి డ్రమ్ముల మీద నీళ్లు పోయకండి. పోతపోసిన ఇనుము పగుళ్లిస్తుంది. కాలే డ్రమ్‌కు హ్యాండ్‌బ్రేక్ కూడా బిగించొద్దు. గేరులో పెట్టి చక్రం కింద రాయి వేయండి.

పెట్రోలు కలిసొస్తుందని ఘాట్‌లో న్యూట్రల్‌లో దించుతాం. తప్పా?

తప్పే. ఇంజిన్ మోయాల్సిన భారమంతా బ్రేకుల మీద పడుతుంది. సర్వో (ఇంజిన్ వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే పరికరం) ఉన్న కారులో ఇంజిన్ కూడా ఆపేస్తే ఒకటి రెండు సార్లు తొక్కేసరికి నిల్వ ఉన్న వాక్యూమ్ అయిపోయి, పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది.

ఏ బ్రేక్ ఆయిల్ పోయాలి?

డాట్ 4. డాట్ అంటే డబ్బా మీద రాసే బ్రేక్ ఆయిల్ గ్రేడు. మన రోడ్లకు, పాత కార్లకు ఇదే నా సలహా.

డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, నీరు పీల్చాక 140 దాకా. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. డాట్ 5.1కు 260, 180. ఒకసారి వేసిన డాట్ 4 నీరు పీల్చాక కొత్త డాట్ 3 కంటే ఎంత కింద ఉందో చూశారుగా. ఏ డబ్బా కొన్నామన్నది అంత ముఖ్యం కాదు, ఎప్పుడు మార్చామన్నదే ముఖ్యం. ఈ ఆయిల్ గాలిలో తేమను తనంతట తానే లాక్కుంటుంది. గోపాల్‌పూర్, బరంపురం వైపు ఏడాదికోసారి మార్చినా ఎక్కువ కాదు. కొరాపుట్, జయపురం వైపు రెండేళ్లు దాటనివ్వకండి, వీలైతే వానాకాలం వెళ్లాక మార్చండి. సగం వాడి అటకెక్కించిన డబ్బాలోది పోయొద్దు, మూత బిగించినా తేమ చేరే ఉంటుంది. చిన్న డబ్బాలే కొనండి.

డాట్ 5 వేరే జాతి. అది సిలికాన్. పేరు చూసి 5.1కు తమ్ముడనుకుంటారు గానీ రెండిటికీ పొత్తు లేదు, కలపకూడదు. సిలికాన్ పెయింటును తినదు, నీరు పీల్చదు. అందుకని ఎగ్జిబిషన్ కార్ల వాళ్లకు ఇష్టం. కానీ లోపలికి ఎలాగో చేరిన నీరు దానిలో కలవక అడుగున, వీల్ సిలిండర్లలో నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది, వేడికి ఆవిరీ అవుతుంది. సన్నటి బుడగలు పట్టుకుని ఓ పట్టాన వదలవు కాబట్టి పెడల్ కూడా మెత్తగా ఉంటుంది. ఘాట్ దిగే కారుకు నేనైతే వేయను.

డాట్ 4 పెయింటు మీద పడితే రంగు లేచిపోతుంది. తుడవడం కాదు, వెంటనే నీళ్లతో కడగాలి. ఇంకో సంగతి: రోడ్డు పక్క షాపులో బ్రేక్ ఆయిల్ అడిగితే ఏది చేతికొస్తే అది ఇచ్చేవాళ్లుంటారు. జాకీలో పోసే హైడ్రాలిక్ ఆయిల్ గాని, ఇంజిన్ ఆయిల్ గాని ఒక్క చెంచా పడినా మాస్టర్ సిలిండర్ నుంచి చివరి చక్రం దాకా రబ్బరన్నదంతా ఉబ్బి పాడైపోతుంది. సీల్ విప్పని డబ్బా, దాని మీద డాట్ అంకె చూసి మీరే పోయండి.

స్టాండర్డ్ హెరాల్డ్‌కు స్పిట్‌ఫైర్ డిస్కులు పడతాయా?

స్పిట్‌ఫైర్ పుట్టిందే హెరాల్డ్ చాసిస్‌ను కుదించి. కాబట్టి పడతాయి, ఈ మార్పు చాలామంది చేసుకున్నదే. చిక్కంతా సగం సగం కొనడంలో ఉంది. డిస్కు, క్యాలిపర్ మాత్రమే తెచ్చి మిగతాది లేత్ మిషన్ మీద చేయించుకుందామనుకుంటే పని చెడుతుంది. నిలువు లింకు, స్టబ్ యాక్సిల్, హబ్, క్యాలిపర్ బ్రాకెట్, దుమ్ము రేకు అన్నీ ఒకే కారు నుంచి వచ్చిన సెట్‌గా తీసుకోండి. క్యాలిపర్ బ్రాకెట్‌ను లోకల్‌గా వెల్డింగ్ చేయించడానికి ఒప్పుకోకండి. కారును ఆపే బలమంతా దాని మీదే పడుతుంది.

స్పిట్‌ఫైర్ ఉన్నవాళ్లు ఇంకో మెట్టు ఎక్కాలనుకుంటే అదే కుటుంబంలోని జీటీ6 డిస్కులున్నాయి, 9.7 అంగుళాలవి, క్యాలిపర్లు కూడా పెద్దవి. కొనేముందు అట్టముక్క మీద డిస్కు, క్యాలిపర్ కొలతలు గీసి కత్తిరించి మీ 13 అంగుళాల రిమ్ము లోపల పెట్టి చూడండి. రిమ్ముకూ క్యాలిపర్‌కూ మధ్య కనీసం పెన్సిల్ దూరేంత సందు ఉండాలి. వైర్ వీల్స్ ఉంటే ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి.

డ్రమ్ నుంచి డిస్కుకు మారేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది మాస్టర్ సిలిండర్ చివరి చిన్న వాల్వును. డ్రమ్ములున్న చాలా పాత కార్లలో లైన్లో కొద్దిపాటి ఒత్తిడి ఎప్పుడూ నిలిచి ఉండేలా అది చూస్తుంది. డ్రమ్‌లో షూలను వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఆ ఒత్తిడి బాధించదు. డిస్కుకు అలాంటి స్ప్రింగులు లేవు. వాల్వు అలాగే ఉంటే ప్యాడ్లు డిస్కును రాసుకుంటూనే ఉంటాయి, కొత్త డిస్కులు నెల తిరక్కుండానే వేడికి నీలం రంగు తిరుగుతాయి. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు పెట్టుకుంటే ఆ వాల్వు వెనక లైన్లో మాత్రమే ఉండాలి.

పెద్ద మాస్టర్ సిలిండర్ వేస్తే బ్రేకులు గట్టిపడతాయా?

పెడల్ గట్టిపడుతుంది, బ్రేకులు బలహీనపడతాయి. ఇది చాలామందికి తలకిందులుగా తోస్తుంది. 5/8 అంగుళం బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) తీసి 3/4 అంగుళం వేస్తే పిస్టన్ వైశాల్యం 1.44 రెట్లవుతుంది. అంటే అదే ఒత్తిడి రావాలంటే 44 శాతం ఎక్కువ బలంగా తొక్కాలి. పెడల్ ప్రయాణం మాత్రం తగ్గుతుంది కాబట్టి కాలికి బిగువుగా, బాగున్నట్టు అనిపిస్తుంది. పెద్ద క్యాలిపర్లు వేసి పెడల్ మరీ కిందికి పోతుంటేనే బోరు పెంచడం గురించి ఆలోచించండి.

సర్వో వేయించుకోవచ్చా?

కాలు నొప్పి ఉన్నవాళ్లకూ, ఇంట్లో వేరేవాళ్లూ నడిపే కారుకూ మంచిదే. కానీ సర్వో కాలి బలాన్ని పెంచుతుందే తప్ప డ్రమ్‌కు వేడి తట్టుకునే శక్తినివ్వదు. కారుతున్న సిలిండర్, అరిగిన లైనింగ్ ఉన్న కారుకు సర్వో వేస్తే లోపం కాలికి తెలియకుండా దాక్కుంటుంది, అది ఇంకా ప్రమాదం.

ఇది వాక్యూమ్ మీద పనిచేసేది. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తీరం కంటే పదో వంతు తక్కువ కాబట్టి సర్వో సాయమూ అంత మేర తగ్గుతుంది. బరంపురంలో అలవాటైన కాలికి పైన పెడల్ కొంచెం బరువనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

డబ్బు ఒక్క పనికే ఉంది. ఏది చేయించమంటారు?

రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్. పాత కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే లైను. ఒక గొట్టం పగిలినా, ఒక వీల్ సిలిండర్ వదిలేసినా నాలుగూ పోతాయి. మిగిలేది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. తప్తపాణి ఘాట్ మలుపులో హ్యాండ్‌బ్రేక్‌తో ఆగొచ్చనుకోకండి.

టాండెమ్ మాస్టర్ సిలిండర్‌లో ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి, రెండు గదులుంటాయి. ఒకటి ఖాళీ అయినా రెండోది పనిచేస్తుంది. ఎక్కువ లోతుకు తొక్కాలి, దూరం ఎక్కువ పడుతుంది, కానీ ఆగుతుంది. మీ మోడల్లోనే తర్వాతి ఏళ్లలో టాండెమ్ వచ్చి ఉంటే ఆ భాగమే వెతకండి, పెడల్ బాక్సు, పుష్‌రాడ్ (పెడల్ నుంచి పిస్టన్‌ను నెట్టే కడ్డీ) కొలతల తలనొప్పి తగ్గుతుంది. పుష్‌రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య ఒక మిల్లీమీటరు అయినా ఆట ఉండాలి. అది లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక బ్రేకులు పట్టేసి ఉంటాయి.

ఫొటోల్లో కనిపించని మార్పు కాబట్టి ఎవరూ దీన్ని మెచ్చుకోరు. క్యాలిపర్లకు ఎర్ర రంగు వేసిన కారు చుట్టూ మూగుతారు.

వెనక కూడా డిస్కులు వేస్తే ఇంకా బాగా ఆగుతుంది కదా?

బ్రేక్ వేయగానే బరువు ముందుకు వాలుతుంది, వెనక టైర్లు తేలికవుతాయి. అక్కడ బ్రేక్ ఎక్కువైతే వెనక చక్రాలు ముందుగా లాక్ అయి కారు గిర్రున తిరిగి అడ్డంగా వస్తుంది. తడి రోడ్డు మీద, చిన్న వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న స్పోర్ట్స్ కారులో దాన్ని సరిచేసే టైమ్ దొరకదు. వెనక డ్రమ్ములు మంచి స్థితిలో ఉంచుకోండి, చాలు. హ్యాండ్‌బ్రేక్ కూడా డ్రమ్‌తోనే బాగా నిలుస్తుంది.

ముందు చక్రాల బ్రేకులు మార్చాక ఖాళీ రోడ్డు మీద, తడిగా ఉన్నప్పుడు, 30 కిలోమీటర్ల వేగంలో గట్టిగా తొక్కి పక్కన నిలబడ్డ మనిషిని చూడమనండి. ముందు చక్రాలు ముందుగా జారాలి. వెనకవి ముందుగా జారితే ఆ కారును ఘాట్ ఎక్కించొద్దు.

పాత లైనింగ్ మార్చేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. పాత షూలలో, ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. డ్రమ్ విప్పగానే కంప్రెసర్ గాలి కొట్టి దుమ్ము లేపడం మన షెడ్లలో మామూలు పని, ఆ గాలి గొట్టాన్ని దగ్గరికి రానివ్వకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత జబ్బవుతుంది. నీళ్లు చిలకరించి, తడి గుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో కట్టి పారేయండి. కుర్రాళ్లు పనిచేసే చోట ఇంకా గట్టిగా చెప్పండి.

కొత్తగా అతికించే లైనింగ్ రోడ్డు వాడకానిదే అడగండి. రేసింగ్ ప్యాడ్లు వేడెక్కితేగాని పట్టవు. చలికాలం పొద్దున జయపురంలో మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర అవి మొండికేస్తాయి. డ్రమ్ములు లేత్ మీద పట్టిస్తే కంపెనీ మాన్యువల్ చెప్పిన హద్దు దాటనివ్వకండి. పలచబడ్డ డ్రమ్ వేడిని దాచుకోలేదు. పట్టించాక షూల వంపు కూడా కొత్త వ్యాసానికి సరిపడా రుద్దించాలి. లేదంటే మధ్యలో మాత్రమే తగులుతుంది, వందల కిలోమీటర్లు తిరిగాక గాని బ్రేక్ కుదరదు.

బ్రేక్ పైపులు ఇక్కడే చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, ఒక్క చోట మాత్రం కళ్లు పెట్టుకుని చూడాలి. పాత బ్రిటిష్ కార్ల పైపు నట్లు చాలావరకు 3/8 అంగుళం యూఎన్ఎఫ్ మరలు. ఇప్పటి బళ్లవి 10 మిల్లీమీటర్ల మెట్రిక్ మరలు. వ్యాసంలో తేడా అర మిల్లీమీటరు లోపే, చేతిలో పట్టుకుంటే కవలల్లా ఉంటాయి. అంగుళం నట్టు మెట్రిక్ రంధ్రంలోకి వదులుగా ఎక్కేస్తుంది, బిగిసినట్టే ఉంటుంది, ఓ రోజు గట్టిగా తొక్కినప్పుడు మరలు ఊడొస్తాయి. కొత్త నట్టును మొదట చేత్తోనే తిప్పండి. పాతది ఎలా ఎక్కేదో అంతే నిండుగా, ఊగకుండా ఎక్కాలి. స్పానర్ ఆ తర్వాతే.

పైపు చివర చేసే ఫ్లేర్‌లోనూ (వెడల్పు చేసిన అంచు) రకాలున్నాయి. పాత పైపు ముక్క ఎదురుగా పెట్టి అలాంటిదే చేయమనండి. తీరం వైపు ఉప్పుగాలికి ఉక్కు పైపులు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి రాగి-నికెల్ మిశ్రమం పైపు వేయించండి. ఉత్త రాగి పైపు వద్దు, అదురుడుకి బిరుసెక్కి విరుగుతుంది.

ఎవరితో చేయించాలి? కొత్త షోరూమ్ వాళ్లు ముట్టుకోవట్లేదు.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు బాగుచేసి చేయి తిరిగిన పాత మేస్త్రులను వెతకండి. బరంపురంలో, జయపురంలో, అవతల విజయనగరం, విశాఖల్లో ఇంకా ఉన్నారు. డ్రమ్ అడ్జస్ట్‌మెంట్ చెవితో చేసే మనుషులు వాళ్లు, చక్రం తిప్పి షూ రాసే చప్పుడు విని ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాలో చెబుతారు. “గురువుగారూ, డిస్కు సంగతి నాకు తెలీదు, డ్రమ్ అయితే ఇటివ్వండి” అనే మేస్త్రిని నమ్మొచ్చు. అన్నీ తెలుసనేవాడి దగ్గర జాగ్రత్త. భాష ఒడియా అయినా తెలుగు అయినా షెడ్డులో మాటలన్నీ ఒకటే కాబట్టి ఇబ్బందేం ఉండదు. మాన్యువల్ పేజీ ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి.

బ్రేక్ లైన్లో చేరిన గాలి (ఎయిర్) తీసేటప్పుడు ఒక మాట చెప్పండి: పాత మాస్టర్ సిలిండర్ ఉంటే పెడల్‌ను నేల దాకా తొక్కించొద్దు. రోజూ వాడని లోపలి భాగంలో తుప్పు గరుకుగా ఉంటుంది, రబ్బరు అక్కడికి వెళ్లి కోసుకుపోతుంది. పెడల్ కింద చెక్కముక్క పెడితే సరి. దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రావాలి.

టైర్లకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

చివరికి కారును ఆపేది టైరే. గట్టిగా తొక్కితే ఇప్పటికే చక్రాలు లాక్ అవుతున్నాయంటే ఎంత పెద్ద బ్రేకు వేసినా ఆగే దూరం తగ్గదు. టైరు పక్కన నాలుగంకెల గుర్తు చూడండి. 1418 అంటే 2018లో 14వ వారం తయారైంది. తక్కువ తిరిగే కార్లకు గాడి నిండుగా ఉంటుంది, రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది. బ్రేకులకు ఖర్చు పెట్టేముందు ఇది చూసుకోవాలి.

ఆర్టీవో దగ్గర ఇబ్బంది వస్తుందా?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. డ్రమ్మా డిస్కా అన్నది ఆర్సీలో రాసే వివరం కాదు. ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు చూసేది బ్రేకు పనిచేస్తోందా అనే.

50 ఏళ్లు దాటిన కార్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఆచితూచి చేయండి. చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలన్నది నిబంధన. బోల్టులతో బిగించి, మళ్లీ విప్పగలిగే మార్పులే చేయండి, చాసిస్‌కు కొత్త రంధ్రం గాని వెల్డింగ్ గాని వద్దు, తీసిన పాత భాగాలను నూనె రాసి దాచండి. రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అక్షరాలతో నంబరు వస్తుంది, ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. కానీ ఆ నంబరుతో రోజువారీగా తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ రిపేరుకూ పెట్రోలుకే. సరదాకి ఘాట్ ఎక్కేవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్‌నే రెన్యువల్ చేయించుకోవడం నయం.

వానాకాలంలో డ్రమ్ములు తడిస్తే?

నీళ్లలోంచి బయటికి రాగానే తక్కువ వేగంలో పెడల్‌ను తేలికగా నొక్కి కొంత దూరం పోండి, ఆ వేడికి ఆరిపోతాయి. నెలలతరబడి షెడ్డులో పెట్టేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచకండి, తేమకు షూలు డ్రమ్‌కు అతుక్కుంటాయి. ఎంజీ టీడీ లాంటివాటిలో ముందు చక్రాలకు రెండు లీడింగ్ షూలుంటాయి, అంటే చక్రం ముందుకు తిరిగే ఊపుకే తమంతట తాము బిగుసుకునేవి. ముందుకు పోతున్నప్పుడు బ్రహ్మాండంగా పడతాయి, వెనక్కి జారుతున్నప్పుడు వాటి పట్టు చాలా తక్కువ. ఎత్తు మీద ఆగి వెనక్కి జారితే కాలి బ్రేకుతో పాటు హ్యాండ్‌బ్రేక్ కూడా లాగండి.

అన్నీ అయ్యాయి. నేరుగా ఘాట్‌కు వెళ్లొచ్చా?

వద్దు. ముందు ప్యాడ్లు, డిస్కులు ఒకదానికొకటి కుదరాలి. జయపురం–బొరిగుమ్మ లాంటి చదును రోడ్డులో, వెనక ఎవరూ లేనప్పుడు, 60 నుంచి 20కి వేగం తగ్గించండి, పూర్తిగా ఆపకండి. మధ్యలో ఓ కిలోమీటరు నడిపి చల్లారనిస్తూ ఎనిమిది పది సార్లు ఇలా చేయండి. వేడి డిస్కు మీద ప్యాడ్ నొక్కి పట్టి నిలబడితే ఆ ఒక్క చోటే మచ్చ పడి, తర్వాత పెడల్ అదురుతుంది.

తర్వాత నాలుగు చక్రాల వేడి కొలవండి. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన థర్మామీటర్ పనికిరాదు, అది జ్వరం దాటి చదవలేదు. ఫ్యాక్టరీల్లో వాడే 400 డిగ్రీల దాకా చదివే గన్ కావాలి, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. కుడి ఎడమల మధ్య తేడా బాగా ఉంటే వేడి ఎక్కువున్న వైపు పట్టేస్తోంది, లేదా రెండో వైపు అసలు పనిచేయట్లేదు. ఏ వైపో తెలియాలంటే జాకీ ఎత్తి చక్రాలు చేత్తో తిప్పి చూడండి. ఆ తర్వాత మొదటి ఘాట్‌గా కొరాపుట్ నుంచి జయపురం దిగండి. సుంకి కంటే దిగుడు తక్కువ. కిందికి చేరాక ఆయిల్ డబ్బాలో మట్టం, నాలుగు చక్రాల లోపలి వైపు తడి చూసుకుని, అప్పుడు సాలూరు సంగతి ఆలోచించండి.